‘మనిషి అడ్రినల్ కణాల మీద రుజువైంది’ అంటే, ఏ కణాలు?

సంపాదకులకు నమస్కారం.

ఫలానా మొక్క సారం కార్టిసోల్ అనే ఒత్తిడి హార్మోన్‌ని తగ్గిస్తుందనీ, ఫలానా పురుగుమందు హార్మోన్లని తారుమారు చేస్తుందనీ వచ్చే వార్తల్లో ఒక వాక్యం తరచు కనిపిస్తుంటుంది: ‘మనిషి అడ్రినల్ కణాల మీద జరిపిన ప్రయోగాల్లో రుజువైంది’. అది చదివినవాళ్లకి, మూత్రపిండం నెత్తిన టోపీలా కూర్చునే ఆ గ్రంథిలోంచి, ఎవరో ఆరోగ్యవంతుడి దగ్గర తీసిన కణాలు కళ్లముందు మెదులుతాయి. అసలు సంగతి వేరు. ఇలాంటి ప్రయోగాల్లో ఎక్కువగా వాడేవి హెచ్295ఆర్ అనే కణాలు. ఇవి ఒకే ఒక మనిషి కాన్సర్ కణితి నుంచి పుట్టుకొచ్చిన సంతతి. వాటితో రోజూ పనిచేసేవాళ్లకి వాటి చేతగానితనమూ తెలుసు, పేచీలూ తెలుసు. అవి పాఠకులకి కూడా తెలిస్తే మంచిదని ఈ ఉత్తరం. కాస్త పొడుగైంది, మన్నించాలి.

1980లో అడ్రినల్ కార్టెక్స్ (గ్రంథి వెలుపలి భాగం) కాన్సర్ ఉన్న 48 ఏళ్ల మహిళ కణితి నుంచి తీసిన కణాలివి. గజ్దర్ బృందం 1990లో వీటిని హెచ్295 పేరుతో శాస్త్రలోకానికి పరిచయం చేసింది. సుమారు ముప్పై రకాల స్టెరాయిడ్లు (కార్టిసోల్ లాంటి హార్మోన్ల కుటుంబం) వీటిని పెంచిన ద్రవంలో కనిపించడమే అప్పట్లో పెద్ద విశేషం. అయితే ఆ మొదటి కణాలతో వేగడం కష్టం. అడుగుకి సరిగ్గా అతుక్కోవు, గుత్తులు గుత్తులుగా తేలుతాయి, పెరగడానికి రోజులకి రోజులు తీసుకుంటాయి. 1990ల మొదట్లో రైనీ బృందం వాటిలోంచి ఫ్లాస్కు అడుగుకి అతుక్కుని, సుమారు రెండు రోజులకోసారి రెట్టింపయ్యేవాటిని వేరుచేసింది. ఇప్పుడు అందరూ వాడే హెచ్295ఆర్ అదే.

మామూలు గ్రంథిలో కార్టెక్స్ మూడు పొరలుగా ఉంటుంది. పై పొర ఒంట్లో ఉప్పుని అదుపుచేసే ఆల్డోస్టెరోన్ చేస్తుంది, నడిమి పొర కార్టిసోల్, లోపలి పొర డీహెచ్ఈఏ లాంటి ఆండ్రోజన్లు (పురుష హార్మోన్లు). ఏ పొర ఎంజైములు ఆ పొరవే. హెచ్295ఆర్‌లో ఈ గోడలేవీ లేవు. ఒకే కణాల గుంపు మూడు పొరల పనీ చేస్తుంది. అది చాలదన్నట్టు, మామూలు అడ్రినల్‌లో చెప్పుకోదగ్గంత ఉండని అరోమటేజ్ ఎంజైమ్‌తో ఈస్ట్రడయోల్ అనే ఈస్ట్రోజన్ (స్త్రీ హార్మోన్) కూడా చేస్తుంది. కొలెస్టరాల్ దగ్గర మొదలుపెట్టి ఈస్ట్రోజన్ దాకా దారంతా ఒకే పాత్రలో దొరకడం రసాయనాల్ని వడపోసేవాడికి వరం. గ్రంథి ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలనుకునేవాడికి మాత్రం అదే తలనొప్పి. బీటా-కెటెనిన్ జన్యువులో కాన్సర్‌ని ఉసిగొల్పే మార్పు, కణితుల్ని అడ్డుకునే పీ53 జన్యువు పనిచేయకపోవడం కూడా వీటి జాతకంలో ఉన్నవే. ఇలాంటి కణం దేనికి ఎలా స్పందించిందో చూసి మామూలు కణం కూడా అలాగే స్పందిస్తుందని రాయడం దూకుడు.

అన్నిటికంటే పెద్ద లోపం ఏసీటీహెచ్ దగ్గరుంది. మెదడు అడుగునున్న పిట్యూటరీ గ్రంథి ఏసీటీహెచ్ పంపితే అడ్రినల్ కార్టిసోల్ విడుదల చేస్తుంది. ఒత్తిడిలో కార్టిసోల్ పెరిగేది ముఖ్యంగా ఆ దారినే. హెచ్295ఆర్ కణాల మీద ఆ హార్మోన్‌ని పట్టుకునే గ్రాహకాలు బాగా తక్కువ. ఏసీటీహెచ్ పోసినా అంతగా చలించవు. అందుకని ప్రయోగాల్లో ఫోర్‌స్కోలిన్ అనే పదార్థాన్ని, మామూలుగా 10 మైక్రోమోలార్ మోతాదులో, వాడతారు. అది గ్రాహకంతో పనిలేకుండా కణం లోపలి అడినైలేట్ సైక్లేజ్ అనే ఎంజైమ్‌ని నేరుగా రెచ్చగొడుతుంది. తలుపు తట్టకుండా గోడ దూకి లోపలికి వెళ్లడం లాంటిదది. లోపల జరిగే పని నిజమే కానీ, తలుపు దగ్గర ఏం జరుగుతుందో ఆ ప్రయోగం చెప్పలేదు. అలాంటి ప్రయోగంలో కార్టిసోల్ తగ్గితే ‘ఒత్తిడి తగ్గించే ఔషధం’ అని శీర్షిక పెట్టేస్తున్నారు. ఆ పాత్రలో మెదడు లేదు, పిట్యూటరీ లేదు, చివరికి ఏసీటీహెచ్ కూడా లేదు. ఒత్తిడి ఎక్కడినుంచి వచ్చినట్టు?

ఆల్డోస్టెరోన్ విషయంలో ఈ కణాలు మెరుగే. రక్తపోటు పెంచే హార్మోన్ యాంజియోటెన్సిన్-2 10 నుంచి 100 నానోమోలార్ వేసినా, ద్రవంలో పొటాషియం పెంచినా చక్కగా స్పందిస్తాయి. పొటాషియం క్లోరైడ్ వేసేటప్పుడు ప్లాస్టిక్ ప్లేట్‌లో కణాలు పెంచే గుంటల్లో పక్కదానిలో అంతే మోతాదు సోడియం క్లోరైడ్ వేసి చూడటం మరవకూడదు. లేకపోతే పని చేసింది పొటాషియమో, పెరిగిన ఉప్పదనమో తేలదు.

ఏసీటీహెచ్‌కి స్పందించే హెచ్ఏసీ15 అనే కణాలు కూడా ఉన్నాయి. వాటి కథ తెలుసుకోదగ్గది. 2008లో వాటిని వేరే రోగి కణితి నుంచి వచ్చిన కొత్త సంతతిగా ప్రకటించారు. తర్వాత జన్యు ముద్రలు సరిచూస్తే అవీ హెచ్295ఆర్ సంతానమేనని తేలింది. అంటే ఎక్కడో ఒక చోట పాత కణాలు కొత్తవాటిలో కలిసి, వాటిని మింగేశాయన్నమాట. కణసంవర్ధనంలో ఇది అరుదైన ప్రమాదం కాదు. వేగంగా పెరిగే కణం ఒక్కటి పిపెట్ మొనకి అంటుకుని పక్క ఫ్లాస్కులో పడితే చాలు, కొన్ని వారాల్లో ఆ ఫ్లాస్కు దానిదే. సీసా మీద చీటీ మాత్రం పాత పేరే చెబుతుంటుంది. ఎస్‌టీఆర్ అనే జన్యు ముద్ర పరీక్ష చేయించి, మూల కణాలతో కనీసం 80 శాతం సరిపోలితేనే ఆ పేరు వాడాలన్నది అందరూ ఒప్పుకున్న కొలత.

ఎస్‌డబ్ల్యూ-13 అనే మరో ‘అడ్రినల్’ కణం ఉంది. పేరుకే గానీ స్టెరాయిడ్లు చేయదు. అది అడ్రినల్‌లో పుట్టిందా, ఇంకెక్కడినుంచో వచ్చి చేరిందా అన్నదే అనుమానం. కార్టిసోల్ ప్రస్తావన ఉన్న వార్తలో ఆ పేరు కనిపిస్తే వార్తని పక్కన పెట్టొచ్చు. 1966లో వచ్చిన వై1 కణాలు ఎలుక కణితివి. ఏసీటీహెచ్ తగలగానే పరుచుకుని ఉన్నవి గుండ్రంగా ముడుచుకుంటాయి, సూక్ష్మదర్శినిలో చూడటానికి ముచ్చటగా ఉంటుంది. కానీ ఎలుకల అడ్రినల్‌లో సీవైపీ17 ఎంజైమ్ పనిచేయదు కాబట్టి అక్కడ కార్టిసోల్ పుట్టదు. వై1 కణాల్లో సీవైపీ21 కూడా లేనందున ఎలుక అసలు హార్మోన్ కార్టికోస్టెరోన్ కూడా రాదు.

ఇక ఈ కణాలకి పెట్టే మేత. డీఎంఈఎం, ఎఫ్12 అనే పోషక ద్రవాలు సమపాళ్లలో కలిపి, దానికి ఐటీఎస్ ప్లస్ అనే మిశ్రమం, 2.5 శాతం న్యూ-సీరమ్ (పశువుల రక్తం నుంచి తీసిన సీరమ్ ఉన్న మిశ్రమం) చేర్చడం వాడుకలో ఉన్న పద్ధతి. 37 డిగ్రీలు, 5 శాతం కార్బన్ డయాక్సైడ్. ఈ మేతలోనే రెండు ఉచ్చులున్నాయి. ఐటీఎస్‌లో ‘ఐ’ అంటే ఇన్సులిన్. మిల్లీలీటరుకి 6.25 మైక్రోగ్రాములు, అంటే దాదాపు 1 మైక్రోమోలార్. పరగడుపున మనిషి రక్తంలో ఉండే ఇన్సులిన్‌కి ఇది వేల రెట్లు. మధుమేహం మందు ఈ కణాల్లో ఇన్సులిన్ చూపే ప్రభావాన్ని మార్చిందో లేదో ఇదే ద్రవంలో చూశామంటే, జడివానలో చెంబుడు నీళ్లు పోసి నేల తడిసిందా అని చూసినట్టే. ముందుగా ఇన్సులిన్ లేని ద్రవంలోకి మార్చాలి. రెండో ఉచ్చు సీరమ్. అందులో టెస్టోస్టెరోన్, ప్రొజెస్టెరోన్ లాంటివి ముందే ఉంటాయి. వాటి మోతాదు ఒక్కో బ్యాచ్‌కి ఒక్కోలా ఉంటుంది. కణాలు వేయకుండా ద్రవం ఒక్కటే పోసిన గుంటల్ని కూడా అదే ఇంక్యుబేటర్‌లో 48 గంటలు ఉంచి కొలిస్తేనే ఎంత కణాలది, ఎంత సీరమ్‌ది అన్నది తేలుతుంది. సీరమ్ కొత్త బ్యాచ్ వచ్చినప్పుడల్లా ఈ పని మళ్లీ మొదటికే. విసుగే, కానీ తప్పదు.

కణాల వయసు కూడా లెక్కలోకి వస్తుంది. గడ్డకట్టిన నిల్వ నుంచి తీసిన కణాలు మొదటి వారాల్లో బతకడమే పనిగా పెట్టుకుంటాయి, హార్మోన్ల తయారీ కుదురుకోదు. నాలుగైదు సార్లు ఫ్లాస్కు మార్చాక కుదురుకుంటాయి. మరీ ఎక్కువసార్లు మారిస్తే హార్మోన్ల పాళ్లు మారిపోతాయి, అందుకే పదోసారికి ఆపి కొత్త సీసా తీయమంటారు. కణాల్ని అడుగు నుంచి ఊడదీసే ట్రిప్సిన్ ఎంజైమ్ దగ్గర కూడా జాగ్రత్త కావాలి. తక్కువసేపు ఉంచితే గుత్తులు విడవవు, అలా గుత్తులుగా లెక్కపెడితే కణాల సంఖ్యే తప్పు. ఎక్కువసేపు ఉంచితే కణాల పై పొర దెబ్బతిని మళ్లీ అతుక్కోవు. మరీ పలచగా వేస్తే పెరగకుండా మొరాయిస్తాయి. మైకోప్లాస్మా అనే బాక్టీరియా సోకితే ద్రవం మసకబారదు, కంటికేమీ కనపడదు. దానికి కణ గోడ లేదు కాబట్టి పెన్సిలిన్ కూడా ఏమీ చేయలేదు. హార్మోన్ అంకెలు మాత్రం నెమ్మదిగా జారిపోతుంటాయి. నెలకోసారి పీసీఆర్ లాంటి పరీక్ష చేయించాల్సిందే.

రసాయనాల పరీక్షలకి ప్రమాణాలు పెట్టే అంతర్జాతీయ సంస్థ ఓఈసీడీ 2011లో ఆమోదించిన 456వ పరీక్ష పద్ధతి ఈ కణాలతోనే నడుస్తుంది. 24 గుంటల ప్లేట్ తీసుకుని, గుంటకి ఒక మిల్లీలీటరు చొప్పున, మిల్లీలీటరుకి రెండు నుంచి మూడు లక్షల కణాలు వేస్తారు. అతుక్కోవడానికి 24 గంటలు. తర్వాత ద్రవం మార్చి, పరీక్షించే రసాయనం కలిపి 48 గంటలు ఉంచుతారు. ఏడు మోతాదులు, ఒక్కోటి మూడు గుంటల్లో. ఇరవై ఒకటి అయ్యాయి కదా, మిగిలిన మూడూ రసాయనం లేకుండా, దాన్ని కరిగించే డీఎంఎస్‌ఓ ద్రవం మాత్రమే వేసే గుంటలు. పక్కనే వేరే ప్లేట్‌లో ఫోర్‌స్కోలిన్ హార్మోన్లని పెంచాలి, ప్రోక్లోరాజ్ అనే శిలీంధ్రనాశిని తగ్గించాలి. ఆ రెండూ వాటి పని అవి చేయకపోతే ఆ రోజు అంకెలన్నీ చెత్తబుట్టకే.

ఈ ప్లేట్‌ని కొంచెం దగ్గరగా చూడండి. నాలుగు వరుసలు, వరుసకి ఆరు గుంటలు. అంచున ఉన్నవి పదహారు, లోపలివి ఎనిమిదే. ఇంక్యుబేటర్‌లో తేమ తగ్గితే అంచు గుంటల్లో ద్రవం ముందు ఆవిరవుతుంది. అక్కడ హార్మోన్ చిక్కబడి, ఏ రసాయనమూ లేకుండానే ‘పెరిగినట్టు’ కనిపిస్తుంది. నీళ్ల పళ్లెం ఎండిపోకుండా చూడాలి, తలుపు అస్తమానం తెరవకూడదు. ఇక డీఎంఎస్‌ఓ. పరీక్ష పదార్థాన్ని కావలసిన మోతాదుకి వెయ్యి రెట్లు చిక్కగా డీఎంఎస్‌ఓలో కరిగించి, మిల్లీలీటరుకి ఒక మైక్రోలీటరు చొప్పున కలుపుతారు. అంటే 0.1 శాతం. 10 మిల్లీమోలార్ ఫోర్‌స్కోలిన్ ద్రావణం ఒక మైక్రోలీటరు కలిపితే 10 మైక్రోమోలార్ అవుతుంది, లెక్క సులువు. చిక్కేమిటంటే డీఎంఎస్‌ఓ నీళ్లకంటే బరువు. ఆ చుక్కని నేరుగా గుంటలో వదిలితే కణాల మీదికి దిగి, పడిన చోట వాటిని చంపేస్తుంది. ముందు వేరే గొట్టంలో ద్రవంతో బాగా కలిపి ఆ తర్వాత పోయాలి. మోతాదు పెరిగేకొద్దీ డీఎంఎస్‌ఓ కూడా పెంచుకుంటూ పోయిన ప్రయోగాలుంటాయి. వాటిలో చూసింది ఔషధం ప్రభావమా, డీఎంఎస్‌ఓ ప్రభావమా అన్నది విడదీయలేం.

వార్తల్లో ఎక్కువగా జారిపోయే మెట్టు ఇప్పుడు వస్తోంది. చచ్చిన కణం కార్టిసోల్ చేయదు. ఏ విషం పోసినా హార్మోన్ తగ్గుతుంది. అందుకే కణాల్లో 80 శాతమైనా బతికి ఉన్న మోతాదుల్నే లెక్కలోకి తీసుకోవాలన్నది నియమం. బతికినవి ఎన్నో తెలుసుకోవడానికి ఎక్కువగా వాడేది ఎంటీటీ పరీక్ష, పసుపుపచ్చ రంగు ద్రావణం బతికిన కణాల్లో ఊదా రంగుకి మారుతుంది. మొక్కల సారాల్లో ఉండే పాలీఫినాల్స్ అయితే కణాలతో నిమిత్తం లేకుండా తామే ఆ రంగు మార్చేస్తాయి. కణాలు సగం చచ్చినా రంగు మాత్రం నిండుగా కనిపిస్తుంది. ‘కణాలకి హాని లేదు, కార్టిసోల్ మాత్రమే తగ్గింది’ అని రాసేస్తారు. కణాలు లేని గుంటలో అదే సారం, అదే ఎంటీటీ కలిపి చూస్తే గుట్టు బయటపడుతుంది. దీనికి తిరగేసిన తప్పు ఇంకొకటి ఉంది. హార్మోన్‌ని ఆ గుంటలోని ప్రొటీన్‌తో భాగించి చెప్పడం ఆనవాయితీ. ఒకటిన్నర రోజు బాగానే పనిచేసి చివర్లో సగం కణాలు చచ్చి ఊడిపోతే, అప్పటికే ద్రవంలోకి వచ్చిన హార్మోన్ అలాగే ఉంటుంది, కింద భాగించే ప్రొటీన్ సగమైపోతుంది. అంకె రెట్టింపై, విషం కాస్తా ‘ఉత్తేజకం’ అయిపోతుంది.

కొలిచే పద్ధతి దగ్గర ఇంకో గండం ఉంది. చవకగా, త్వరగా అయ్యేది ఎలైసా. కార్టిసోల్‌ని పట్టుకునే యాంటీబాడీ మీద ఆధారపడుతుంది. కార్టిసోల్‌కీ, దానికి ముందు మెట్టైన 11-డీఆక్సీకార్టిసోల్‌కీ తేడా ఒక్క హైడ్రాక్సిల్ గుంపు. మెటిరాపోన్ లాంటి మందు చివరి మెట్టు ఎంజైమ్‌ని ఆపితే కార్టిసోల్ పడిపోయి 11-డీఆక్సీకార్టిసోల్ గుట్టలుగా పేరుకుంటుంది. యాంటీబాడీ కొంతమేర దాన్నీ కార్టిసోల్‌గానే లెక్కేస్తుంది. ఎంజైమ్ ఆగిపోయినా అంకె పెద్దగా తగ్గదు. ఆస్పత్రిలో మెటిరాపోన్ వాడే రోగుల రక్తపరీక్షల్లో కూడా ఇదే చిక్కు. వేరే మెట్ల ఎంజైముల్ని ఆపే మందులూ ఉన్నాయి: ట్రైలోస్టేన్ వేస్తే ప్రెగ్నెనొలోన్, డీహెచ్ఈఏ లాంటి ముందు మెట్ల స్టెరాయిడ్లు పేరుకుంటాయి, అబిరాటెరోన్ వేస్తే మరికొన్ని. ఏ మెట్టు ఆగిందో తెలియాలంటే ఒక్క కార్టిసోల్ చాలదు, ముందు మెట్ల స్టెరాయిడ్లన్నీ ఎల్‌సీ-ఎంఎస్‌ఎంఎస్ (అణువుల్ని బరువుని బట్టి విడివిడిగా గుర్తించే యంత్రం) మీద కలిపి చూడాలి. అంత ఖర్చు పెట్టలేకపోతే కనీసం ఒక పని చేయొచ్చు: పరీక్ష పదార్థం కలిపిన ఖాళీ ద్రవంలో తెలిసినంత కార్టిసోల్ వేసి, ఎలైసా అంతే చూపిస్తోందా అని సరిచూడటం. రంగున్న సారాలు ఎలైసా రంగుతోనే ఆడుకుంటాయి మరి. పైగా ఆ అంకెల్ని రక్తపరీక్ష అంకెలతో పోల్చి రాసేముందు కొలమానం చూసుకోవాలి. డెసిలీటరుకి 1 మైక్రోగ్రామ్ కార్టిసోల్ అంటే లీటరుకి 27.6 నానోమోల్స్.

సీరమ్ సంగతి ఇంకొక్కటి. అడ్రినల్ కాన్సర్‌కి ఇచ్చే మైటోటేన్ కొవ్వులో కరిగేది, సీరమ్‌లోని లైపోప్రొటీన్లకి అతుక్కుంటుంది. సీరమ్ తక్కువున్న ద్రవంలో కణాల్ని చంపే మోతాదు, సీరమ్ ఎక్కువుంటే అంతగా పనిచేయదు. సీరమ్ ఎంతో చెప్పకుండా ఆ మందు మోతాదుల్ని ఒక ప్రయోగం నుంచి మరో ప్రయోగానికి పోల్చలేం. మనిషి రక్తంలోనైతే కార్టిసోల్‌లో సుమారు తొంభై శాతం ప్రొటీన్లకి అతుక్కునే తిరుగుతుంది. మింగిన మందుని కాలేయం ముక్కలు చేస్తుంది. కార్టిసోల్ తగ్గితే పిట్యూటరీ ఏసీటీహెచ్ పెంచి లోటు పూడుస్తుంది. ప్లేట్‌లో ఈ మూడూ ఉండవు.

ఇంతకీ 456వ పద్ధతి అధికారికంగా కొలిచేది టెస్టోస్టెరోన్, ఈస్ట్రడయోల్ మాత్రమే. కార్టిసోల్ అందులో లేదు. ‘ఓఈసీడీ పరీక్షలో కార్టిసోల్ తగ్గింది’ అని వస్తే, అవే కణాలతో ఎవరో తమ పద్ధతిలో అదనంగా చేసిన కొలత అని అర్థం. అది తప్పని కాదు, కానీ ఆ ముద్ర దానికి వర్తించదు. ఒకే ప్లేట్‌లో మూడు గుంటల్ని ‘మూడు ప్రయోగాలు’ అనడం కూడా అలాంటిదే. వేరే రోజు, వేరే పాసేజ్ (మరోసారి ఫ్లాస్కు మార్చిన తరం) కణాలతో మళ్లీ చేస్తేనే రెండో ప్రయోగం.

ఈ కణాల్ని తక్కువ చేయడానికి రాసింది కాదిది. స్టెరాయిడ్ల దారిలో అడ్డుపడే రసాయనాల్ని జంతువుల్ని చంపకుండా ఏరడానికి ఇంతకంటే చేతికందే సాధనం లేదు. మేం అడిగేది ఒక్కటే: ఇలాంటి వార్తలో కణాల పేరు, వేసిన మోతాదు, ఉంచిన గంటలు, బతికిన కణాల శాతం, కొలిచిన పద్ధతి ఇవ్వండి. రెండు పంక్తులకి మించదు. ‘ఒత్తిడిని జయించే మూలిక’ అనే శీర్షిక కింద ఇలా వేయొచ్చు: ‘అడ్రినల్ కాన్సర్ కణాల్లో (హెచ్295ఆర్), ఫోర్‌స్కోలిన్‌తో రెచ్చగొట్టిన కార్టిసోల్‌ని 50 మైక్రోమోలార్ మోతాదు 48 గంటల్లో తగ్గించింది, బతికిన కణాలు ఇంత శాతం, కొలత ఎలైసా, మనుషుల్లో ఇంకా చూడలేదు.’ అప్పటికి ఆ శీర్షిక అక్కడ నిలుస్తుందో లేదో మీ డెస్కు వాళ్లే చూసుకుంటారు.

ఇట్లు,
స్టెరాయిడ్ ప్రయోగశాలల్లో పనిచేసే కొందరు పాఠకులు